వేసవి సెలవులు ఎవరికి?

బడి చివరి రోజున పిల్లవాడు ఇంటికి వచ్చే తీరే వేరు. తక్కిన రోజుల్లో సంచీ భుజాన వేలాడుతూ, కాళ్ళీడ్చుకుంటూ వచ్చేవాడు ఆ రోజున మాత్రం లిఫ్టు తలుపు తెరుచుకోకముందే కేక వేస్తాడు. సంచీ ఒక మూల, బూట్లు ఒక మూల, మేజోళ్ళు ఎక్కడో పరమాత్మకు తెలియాలి. "అమ్మా! ఇంక రెండు నెలలు బడి లేదు!" అంటాడు. తల్లి నవ్వుతుంది. ఆ నవ్వులో సగం సంతోషం, సగం గుండెదడ. రెండు నెలలన్న మాట ఇద్దరూ విన్నారు గాని, వాడికి వినబడిన రెండు నెలలు వేరు, ఆమెకు వినబడిన రెండు నెలలు వేరు.

నిజానికి కర్ణాటకంలో ఈ సెలవులు ఇంచుమించు ఏడు వారాలు. 2025లో ఇక్కడి ప్రభుత్వ పాఠశాలలకు ఏప్రిల్ 11న సెలవులు మొదలై మే 28తో ముగిశాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ అదే ఏడాది ఏప్రిల్ 24న మొదలై జూన్ 11 దాకా సాగాయి. పంచాంగంలో ఇది చిన్న తేడాగానే కనబడుతుంది. కాని పుట్టింటికి వెళ్ళదలచిన తల్లికి ఇది చిన్న తేడా కాదు. మన పిల్లలు ఖాళీగా ఉన్న మొదటి రెండు వారాలూ అక్కడి పిల్లలు పరీక్షలు రాస్తూ ఉంటారు. వారికి సెలవులు మంచి రసపట్టులో ఉండగా మన పిల్లల పుస్తకాలకు అట్టలు వేయవలసిన రోజులు వచ్చిపడతాయి. రెండు వైపులా కలిసేది ఒక్క మే నెల. ఆ మే నెలలో రైలు టిక్కెట్టు దొరికితే, ఆఫీసులో సెలవు దొరికితే, పిల్లలకు జ్వరాలు రాకపోతే, అప్పుడు ప్రయాణం.

ఈ మూడూ కలిసిరాని ఇళ్ళు మా ఎలక్ట్రానిక్ సిటీలో చాలా ఉన్నాయి. నాలుగు గదుల మధ్య, పన్నెండో అంతస్తులోనో పదో అంతస్తులోనో, ఇద్దరు చిన్నపిల్లలతో ఏడు వారాలు గడిపే తల్లుల సంగతే ఈ వ్యాసం. అందులో నేనూ ఒకతెను. మాకు ఏడేళ్ళ అబ్బాయి, నాలుగేళ్ళ అమ్మాయి.

మేముండే చోటు

ఎలక్ట్రానిక్ సిటీ అన్న పేరు విని దూరాన ఉన్నవారు ఇదేదో యంత్రాలు మాత్రమే కాపురముండే ఊరనుకుంటారు. మొదట ఉద్దేశించినదీ దాదాపు అదే. 1978లో కర్ణాటక ప్రభుత్వ సంస్థ అయిన కియోనిక్స్, ఆర్.కె. బాళిగాగారి పూనికతో, కోనప్పన అగ్రహారం, దొడ్డతోగూరు గ్రామాల దగ్గర 332 ఎకరాల్లో ఈ పేటకు పునాది వేసింది. పరిశ్రమ కోసం వేసిన పేట ఇది. ముందు కార్ఖానాలు వచ్చాయి, తరువాత పెద్ద పెద్ద కంపెనీలు వచ్చాయి, వాటి వెనుక ఉద్యోగస్థులు వచ్చారు, వారి వెనుక కాపురాలు వచ్చాయి. అపార్టుమెంట్లు చుట్టూ పుట్టగొడుగుల్లా లేచాయి. పిల్లల అరుపులు ఈ పేట ప్లానులో ఎవరూ గీసినవి కావు. వాటంతట అవే వచ్చి చేరాయి.

మన పత్రిక చదివే పెద్దవారిలో చాలామంది ఇంతకు చాలా ముందే బెంగుళూరు వచ్చినవారు. హెచ్.ఎ.ఎల్., బి.ఇ.ఎల్., హెచ్.ఎం.టి., ఐ.టి.ఐ. కర్మాగారాల్లో ఉద్యోగాలు చేసి, క్వార్టర్లలో పిల్లల్ని పెంచినవారు. ఆ క్వార్టర్ల ముందు మైదానాలుండేవి. గుమ్మంలో నిలబడి కేక వేస్తే వినబడే దూరంలోనే పిల్లలు ఆడుకునేవారు. ఎవరి పిల్లవాడు ఎవరింట్లో అన్నం తిన్నాడో సాయంత్రం దాకా తేలేది కాదు. ఇప్పుడు వారి కూతుళ్ళూ కోడళ్ళే ఇక్కడ తల్లులు. ఇక్కడ తలుపు మూసుకుంటే ఇల్లు, తెరిస్తే నడవా, దిగితే కార్లు నిలిపే చోటు.

ఈ ఊరి దారులు మాత్రం చాలా బాగుపడ్డాయి. బొమ్మనహళ్ళి నుంచి మా పేట దాకా పది కిలోమీటర్ల పైవంతెన 2010లో వచ్చింది. 2025 ఆగస్టులో ఆర్.వి. రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా పసుపు మార్గం మెట్రో రైలు వచ్చింది. పంతొమ్మిది కిలోమీటర్ల దారి, పదహారు స్టేషన్లు. ఊళ్ళోకి వెళ్ళడం తేలికయింది. పుట్టిల్లు మాత్రం ఎప్పుడూ ఉన్నంత దూరంలోనే ఉన్నది.

ఎండ సంగతి కూడా చెప్పుకోవాలి. సముద్రమట్టానికి 920 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు గనక బెంగుళూరులో ఎండలేమిటని మన విజయవాడ చుట్టాలు నవ్వుతారు. ఇక్కడ ఫాను లేకుండా వేసవి గడిపామని పాతకాపులు చెప్పడం మనమంతా విన్నదే. కాని 2016 ఏప్రిల్‌లో ఈ ఊళ్ళో 39.2 డిగ్రీల ఎండ కాసింది. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి అపార్టుమెంట్లన్నీ నీళ్ళ లారీల కోసం ఎదురు చూశాయి. చెమట పట్టిన పిల్లవాడికి మూడో స్నానం చేయించడానికి కూడా లెక్క చూసుకోవలసిన వేసవి అది.

పొద్దు పొడిచింది మొదలు

బడి ఉన్న రోజుల్లో ఏడింటికి లేపితే లేవని పిల్లలు సెలవుల్లో అయిదున్నరకే లేస్తారు. ఇది ఏ శాస్త్రానికీ అందని విషయం. లేచింది మొదలు "అమ్మా, ఇప్పుడేం చెయ్యను?" అన్న ప్రశ్న ఆరంభం. ఒకనాడు లెక్కపెడదామనుకున్నాను. పదకొండు గంటలకు ముప్ఫయి దాటాయి. లెక్క మానేశాను.

పాలు, ఫలహారం, స్నానం, మళ్ళీ ఆకలి. దోసె గుండ్రంగా వేస్తే "ఏనుగు కావాలి" అంటుంది చిన్నది. తొండం వస్తే చెవి రాదు, చెవి వస్తే తొండం మాడుతుంది. పెద్దవాడు తన దోసెను కర్ణాటక పటంలా కొరికి చూపిస్తాడు. ఈలోగా పనిమనిషి ఊరికి వెళ్ళానని ఫోను చేస్తుంది. ఆమెకూ పిల్లలున్నారు, ఆమెకూ పుట్టిల్లున్నది, కాదనడానికి మనమెవరం? పదింటికి నాకు ఆఫీసు పని మొదలు. ఇంటినుంచే పని చెయ్యవచ్చునని నాకు ఇచ్చిన సదుపాయం చూసి అదృష్టవంతురాలివి అంటారు. నిజమే. కాని ఇంటినుంచి పని అంటే ఇంటిపనీ ఆఫీసు పనీ ఒకే కుర్చీలో కూర్చోవడం అని చాలామందికి తెలియదు. అవతల పెద్దవారెవరో లెక్కలు చెబుతూ ఉంటే, ఇవతల వంటింట్లో పసుపు డబ్బా పడిన చప్పుడు వినబడుతుంది. లేవడానికి వీలుండదు. ముఖం మీద మాత్రం చిరునవ్వు చెరగకూడదు.

మధ్యాహ్నం పిల్లల్ని పడుకోబెడదామని పక్కన వాలుతాను. కథ సగంలో నాకు నిద్ర పడుతుంది. వారికి పట్టదు. లేచి చూస్తే నా అరచేతి మీద స్కెచ్ పెన్నుతో గడియారం గీసి ఉంటుంది.

ఇదంతా కష్టమేనా అంటే కాదు. నీళ్ళ లారీ కింద గొట్టం తగిలిస్తుంటే బాల్కనీలోంచి చూసి మా చిన్నది, "అమ్మా, లారీ మనింటికి నీళ్ళు తాగిస్తోంది" అన్నది. ఆ మాట బడి ఉన్న రోజున అయితే నా చెవిన పడేదే కాదు. ఆ వేళకు అది బడిలో ఉండేది, నేను పనిలో ఉండేదాన్ని.

ఆవకాయ రోజున ఇంకొకటి. ఇక్కడ మేడ మీదికి వెళ్ళనివ్వరు గనక ముక్కలు తుడిచి హాల్లోనే పాత చీర మీద ఆరబోశాను. మన వైపు బెంగుళూరు మామిడి అని పిలిచే ముక్కుకాయ బెంగుళూరులో కుప్పలుగా దొరుకుతుంది గాని, ఆవకాయకు అది పనికిరాదని మా అమ్మ శాసనం. పుల్లటి నాటుకాయ కోసం మూడు అంగళ్ళు తిరిగాను. కారం, ఆవపిండి, ఉప్పు, నూనె కలిపి జాడీకి ఎత్తాక, ఆ బేసిన్లో వేడి వేడి అన్నం వేసి, అంచులకు అంటిన పిండి అంతా తుడిచి కలిపి, నేల మీద చతికిలబడి ముద్దలు పెట్టాను. పెద్దవాడి కళ్ళ వెంట నీళ్ళు. చిన్నది నాలుక బయటపెట్టి, చేత్తో విసురుకుంటూ, "ఇంకో ముద్ద" అని అడుగుతోంది. ఆ బేసిను చుట్టూ కూర్చున్న పావుగంటకు ఏ పేరు పెట్టాలో నాకు తెలియదు. ఏప్రిల్ నుంచి పడిన శ్రమ అంతా ఆ పావుగంట కోసమే అయినా నాకు సమ్మతమే అనిపించింది.

మూడు కూతలు

అటువంటి పావుగంట తరువాత నాలుగు రోజులకే జరిగిన సంగతి ఇది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నది గాని, చెప్పకపోతే ఈ వ్యాసం రాయడంలో అర్థం లేదు.

ముందు రాత్రి కరెంటు పోయి ఎవరికీ నిద్ర లేదు. పొద్దున్నుంచి తలనొప్పి. సాయంత్రం కుక్కరు పెట్టి, ఇంకా తెమలని ఆఫీసు పని ముందు కూర్చున్నాను. పెద్దవాడు మంచినీళ్ళ సీసా తెచ్చి బల్ల మీద పెట్టబోయాడు. సీసా ఒరిగి నీళ్ళు కాగితాల మీద పడ్డాయి. వాడు చేసింది తప్పు కాదు, అమ్మకు దాహం వేస్తుందని తెచ్చాడు. అది నాకు తెలిసేలోపలే నా చెయ్యి వాడి వీపు మీద పడింది. వాడు ఏడవలేదు. అదే నాకు ఎక్కువ బాధ అయింది. వెళ్ళి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

మరునాటి సాయంత్రం చిన్నది ఏదో అడగడానికి వంటింట్లోకి రాబోతోంది. వాడు దాని గౌను పట్టుకొని ఆపి, గుసగుసగా చెబుతున్నాడు: "ఇప్పుడు అడక్కు. కుక్కరు మూడు కూతలు వెయ్యనీ. అప్పుడు అమ్మ మంచిదవుతుంది."

పొయ్యి దగ్గర నిలబడ్డ నాకు కాళ్ళు ఆడలేదు. వాన ఎప్పుడు వెలుస్తుందా అని మనం ఆకాశం చూసినట్టు, ఏడేళ్ళ పిల్లవాడు తల్లి ముఖం చూసి వాతావరణం తెలుసుకుంటున్నాడు. దానికో కొలత కూడా పెట్టుకున్నాడు. చెల్లెలికి నేర్పుతున్నాడు.

ఆ రాత్రి నేను మంచి తల్లిని కానని ఏడ్చాను. ఇది చదివే అక్కచెల్లెళ్ళలో అలా ఏడ్చినవారు ఇంకా ఉంటారని నాకు తెలుసును. మన ఏడుపులో ఒక పొరపాటు ఉన్నది. అలసటను ప్రేమ లేకపోవడం కింద జమ కట్టుకుంటాము. ప్రేమకు కొరత ఎక్కడిది? కొరత పడింది చేతులకు.

అమ్మ చెప్పిన లెక్క

మర్నాడు మా అమ్మకు ఫోను చేశాను. "ముగ్గురు పిల్లల్ని ఒక్కదానివి ఎలా పెంచావమ్మా? నీకు కోపం వచ్చేది కాదా?" అని అడిగాను.

అమ్మ నవ్వింది. "ఒక్కదాన్నే పెంచానని నీతో ఎవరు చెప్పారే? పొద్దున్న మీ అమ్మమ్మ దగ్గర, పగలంతా వీధిలో, రాత్రి మీ తాతయ్య మంచం మీద. వేసవి వస్తే నేను మిమ్మల్ని చూసేది అన్నాల వేళకే. రెండు నెలలు పగటి నిద్రలు పోయి, ఒళ్ళు చేసి తిరిగి వచ్చేదాన్ని" అన్నది. కాస్త ఆగి ఇంకో మాట అన్నది: "మీ అత్తయ్య మాత్రం పాపం, ఆ రెండు నెలలూ పొయ్యి దగ్గరనుంచి లేచింది కాదు. మేము బండి ఎక్కాక గాని తను పుట్టింటికి బయలుదేరేది కాదు."

నేను ఇన్నేళ్ళూ జ్ఞాపకం పెట్టుకున్న వేసవిలో మామిడితోట ఉన్నది, బావిగట్టు ఉన్నది, ఆరుబయట మంచాలు, తాటి ముంజలు, తాతయ్య చెప్పిన కథలు ఉన్నాయి. అందులో అత్తయ్య లేదు. ఆవిడ వంటింట్లో ఉన్నది గనక పిల్లల కంటికి కనబడలేదు. ఇరవై మందికి రెండు పూటలా వండి పెట్టిన మనిషి కనబడకుండా పోవడం ఎంత విచిత్రం!

కాబట్టి వెనుకటి రోజులే బంగారమని ఊరికే అనుకోవడం న్యాయం కాదు. అప్పుడూ శ్రమ ఉన్నది. ఇంటి ఆడపడుచు విశ్రాంతి ఇంటి కోడలి రెక్కల మీద నిలిచేది. కాని ఒక్క సంగతి మాత్రం నిజం. పిల్లల్ని చూడడమనే పని అప్పుడు పదిమందికి పంచబడి ఉండేది. ఆ పదిమంది వాటా ఇప్పుడు ఈ మూసిన తలుపు వెనుక ఒక్క మనిషి మీద పడింది. ఇదే తేడా. ఇది తెలిసిన తరువాత నేను మంచి తల్లినా, చెడ్డ తల్లినా అన్న విచారం మానేశాను. పనిని మళ్ళీ ఎలా పంచాలి అన్నదే ఆలోచించాను.

దేశం లెక్క కూడా అమ్మ లెక్కకు దూరంగా లేదు. జాతీయ గణాంక కార్యాలయం వారు 2019లో ప్రజలు రోజును ఎలా గడుపుతారో తెలుసుకోవడానికి ఒక సర్వే జరిపారు. ఇంటి పనులు చేసే స్త్రీలు వాటి మీద రోజుకు సగటున 299 నిమిషాలు గడుపుతుంటే, చేసే పురుషులు 97 నిమిషాలు గడుపుతున్నారని తేలింది. మళ్ళీ 2024లో చూస్తే స్త్రీలకు 289, పురుషులకు 88. పిల్లల సంరక్షణ ఇందులో చేరదు, అది వేరే పద్దు. అయిదేళ్ళలో ఆడవారికి పది నిమిషాలు తగ్గాయని సంతోషించవచ్చును. అయితే ఆ పది నిమిషాలు మగవారు అందుకోలేదని, వారికీ తొమ్మిది తగ్గాయని గమనించాలి. బట్టలుతికే యంత్రమే పుచ్చుకున్నదో ఏమో!

చట్టం కూడా కొంత చేసింది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి తల్లికి మొదటి ఇద్దరు పిల్లల కాన్పులకూ 26 వారాల జీతంతో కూడిన సెలవు కల్పించారు. యాభై మంది, అంతకు పైగా పనిచేసే సంస్థలు శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చును. ఈ సదుపాయం ఉన్నదని తెలియని తల్లులు ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి. అయితే బడికి పోయే పిల్లల వేసవిని గురించి ఆ చట్టంలో మాట లేదు. అది మనమే చూసుకోవలసి ఉన్నది.

మేము చేసుకున్న ఏర్పాటు

మా అంతస్తులో నాలుగు ఇళ్ళు. ఎదురింట్లో కన్నడ దంపతులు, పక్కన తమిళులు, మూలింట్లో శ్రీకాకుళం అమ్మాయి. నాలుగిళ్ళలో కలిపి ఏడుగురు పిల్లలు. అందరం ఒకే పాట్లు వేరు వేరు తలుపుల వెనుక పడుతున్నామని తెలుసుకోవడానికి మాకు మూడు వేసవులు పట్టింది. మొదట నోరు విప్పి అడిగింది ఎదురింటి ఆవిడ. "అక్కా, మంగళవారం మీ పిల్లల్ని మా ఇంటికి పంపండి. గురువారం మా వాళ్ళు మీ ఇంటికి వస్తారు" అన్నది. మర్నాటికి మిగిలిన రెండిళ్ళూ కలిశాయి. వారానికి నాలుగు రోజులు, ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క రోజు, పదినుంచి ఒంటిగంట దాకా ఏడుగురూ అక్కడే. తన వంతు రోజున ఇల్లు సంతే. మిగిలిన మూడు రోజులూ తొమ్మిది గంటల నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో మొదటి రోజు నేను ఆఫీసు పని ముగించి, కాఫీ వేడిగా ఉండగానే తాగాను. ఎన్నాళ్ళకు!

రెండవది మావారి సంగతి. "ఏమైనా సాయం కావాలా?" అని ఆయన అడిగేవారు. మంచి మనసుతోనే. కాని సాయం అన్నప్పుడు పని నాదే అవుతుంది, చెప్పవలసిన భారమూ నాదే అవుతుంది. ఇప్పుడు అలా లేదు. సాయంత్రం ఆరునుంచి పిల్లల స్నానాలూ, అన్నాలూ, పడకా మొత్తం ఆయనవే. ఏ గౌను వెయ్యాలో, ఏ కథ చెప్పాలో నన్నడగరు. మొదటి వారం చిన్నది గౌను తిరగేసి తొడుక్కొని తిరిగింది. కొంప మునగలేదు. నేను అడ్డురాకుండా ఉండడం నేర్చుకోవడమే ఇందులో కష్టమైన భాగం.

మూడవది పిల్లలకు పని చెప్పడం. బఠాణీలు ఒలవడం, తువ్వాళ్ళు మడవడం, మొక్కలకు బియ్యం కడిగిన నీళ్ళు పొయ్యడం. ఆలస్యమవుతుంది, చిందుతుంది. అయినా "ఇప్పుడేం చెయ్యను?" అన్న ప్రశ్నలు సగం తగ్గాయి. మిగిలిన సగానికి నేను జవాబు చెప్పడం మానేశాను. కాసేపు ఏమీ తోచకుండా కూర్చున్న పిల్లలే దుప్పటితో గుడారం కట్టారు.

నాలుగవది మధ్యాహ్నం పొయ్యి ముట్టించకపోవడం. రాత్రి తోడుపెట్టిన పెరుగన్నం, రాగి అంబలి, దోసకాయ ముక్కలు, మామిడిపండు. ఇవి ఎండకూ మంచివే, తల్లికీ మంచివే. పదకొండునుంచి నాలుగు దాకా పిల్లల్ని ఎండలోకి పంపకూడదు. విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. పొట్లం ఇవ్వాలి. అది దొరకనప్పుడు శుభ్రమైన లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా పట్టించాలి. చెంచా అంటే టీ చెంచా, అదీ తలకొట్టి. పిల్లవాడు మగతగా ఉన్నా, ఆరు గంటలకు పైగా మూత్రం రాకపోయినా వైద్యుడి దగ్గరకు వెళ్ళవలసిందే.

ఆఖరిది చాలా ముఖ్యం. అలసట ఒక రాత్రి నిద్రతో తీరితే అది అలసట. రెండు వారాలు దాటినా తీరకుండా, నిద్ర పట్టక, పిల్లల నవ్వు కూడా మనసుకు తాకకుండా, బతుకు మీదనే విసుగు పుడుతూ ఉంటే దానికి వైద్యం ఉన్నది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్‌కు 14416 అనే నంబరు మీద డబ్బు ఖర్చు లేకుండా ఫోను చెయ్యవచ్చును. తెలుగులో మాట్లాడవచ్చును. దీనికి మూలస్థానమైన నిమ్హాన్స్ మన హోసూరు రోడ్డు మీదనే ఉన్నది. పంటినొప్పికి వైద్యుడి దగ్గరకు వెళ్ళడానికి సిగ్గుపడం గదా, దీనికెందుకు సిగ్గు?

మన సంఘానికి ఒక మనవి

ఇంత జరిగినా మా ఏర్పాటు నాలుగిళ్ళ ఏర్పాటే. అటువంటి ఎదురింటి ఆవిడ అందరికీ దొరకదు. అందుచేత పెద్దలకు ఒక మనవి చేస్తున్నాను.

మన సంఘం హాలు వేసవి పగళ్ళలో ఖాళీగానే ఉంటుంది. మనలో ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు చాలామంది ఉన్నారు. మనుమలు అమెరికాలో ఉండి ఇక్కడ కథలు చెప్పడానికి ఎవరూ లేని తాతయ్యలు ఉన్నారు. ఇక్కడ పుట్టిన మన పిల్లలు అమ్మతో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడం, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు అక్షరం మాత్రం చాలామందికి రాదు. ఏప్రిల్, మే నెలల్లో వారానికి మూడు రోజులు, పొద్దున రెండేసి గంటలు ఆ హాలు తెరిచి, పిల్లలకు నాలుగు అక్షరాలూ నాలుగు కథలూ చెప్పగలిగితే, వారికి భాష వస్తుంది, పెద్దలకు పొద్దు పోతుంది, తల్లులకు ఊపిరి తీసుకోవడానికి ఆరు గంటలు దొరుకుతాయి. ఖర్చు మజ్జిగకు మాత్రమే. మజ్జిగ నేను తెస్తాను.

ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. వారికి ఫలహారాలు చేసే పని మళ్ళీ ఏ అత్తయ్య నెత్తినా వేయకండి. వంతులు వేసుకుందాము, ఆ వంతుల్లో మగవారి పేర్లు కూడా రాసుకుందాము.

మొన్న మే నెలాఖరున సాయంత్రం ఉరుములతో వాన వచ్చింది. నడవా చివరనుంచి జల్లు కొడుతుంటే ఏడుగురు పిల్లలూ అక్కడే గంతులు వేశారు. నేను కుక్కరు పెట్టి వచ్చి గుమ్మంలో నిలబడ్డాను. లోపల మొదటి కూత వేసింది. మావాడు తల తిప్పి నా వైపు చూశాడు. ఒక్క క్షణం ఆగి, తడిసిన చేత్తో నా కొంగు పట్టుకొని వానలోకి లాగాడు. రెండో కూత, మూడో కూత ఎప్పుడు వేశాయో నాకు తెలియదు. ఆ రోజు పప్పు కాస్త మాడింది.